నలుపు తెలుపు నేరచిత్రాలు, నాటి జంటలు

మనం బడిపిల్లలుగా ఉన్న రోజుల్లో నేరచిత్రాలకున్న గిరాకీ మీకు తెలియనిది కాదు. ఈ ఒరవడికి మూలం అమెరికా. అటువంటి చిత్రాలను 1946లో ఫ్రెంచి విమర్శకుడు నినో ఫ్రాంక్ 'ఫిల్మ్ నువార్', అనగా నల్లచిత్రం, అన్నారు. 1944 నాటి 'డబుల్ ఇండెమ్నిటీ'లో బార్బరా స్టాన్విక్ వలలో పడి ఇన్సూరెన్సు ఏజెంటు ఫ్రెడ్ మెక్‌మరే ఆమె భర్తనే చంపుతాడు. ఆ జంటలో ప్రేమకన్నా అనుమానం ఎక్కువ. ఆకర్షణ కూడా అదే.

మన దగ్గర నాయిక హంతకి అయితే జనం ఒప్పరు. 1964లో రాజ్ ఖోస్లా హిందీ చిత్రం 'వో కౌన్ థీ' దీనికి ఉపాయం కనిపెట్టింది. సాధనను కవలలుగా చూపి, ఒకరిని అమాయకురాలిని, మరొకరిని మోసగత్తెను చేసింది. వానరాత్రి తెల్లచీరలో కనబడింది ఎవరు? భార్యను నమ్మాలా, వద్దా? డాక్టరు పడే ఆ యాతనే అసలు కథ. ఇది పిరికితనమనే విమర్శను నేను ఒప్పుకోను. 1966లో ఇదే కథ జగ్గయ్య, జయలలితలతో 'ఆమె ఎవరు?'గా తెలుగులో వచ్చింది.

అంతకుముందే 1963లో 'లక్షాధికారి' వేరే దారి పట్టింది. ఎన్.టి.రామారావు, కృష్ణకుమారి జంటను నమ్మకంగా ఉంచి, సౌమ్యుడిగా పేరుపడ్డ గుమ్మడిని ప్రతినాయకుణ్ణి చేసింది.

రోజంతా బాయిలో చీకటి చూసి మళ్లీ తెరమీద చీకటెందుకని గోదావరిఖనిలో ఒక కార్మిక మిత్రుణ్ణి అడిగాను. "ఆడ దొంగ దొరుకుతడు గద సారూ" అన్నాడు.

1966లోనే కృష్ణ, జయలలితల 'గూఢచారి 116' వచ్చింది. అందులో జేమ్స్‌బాండ్ హుషారే తప్ప భార్యాభర్తల అనుమానానికి చోటు లేదు. కుర్రకారుకు అదే నచ్చింది.