గేటు ఎవరు తీశారు?

2022 మే 28, శనివారం అర్ధరాత్రి. పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, లివర్‌పూల్‌కీ రియల్ మాడ్రిడ్‌కీ. మన టైము ప్రకారం పన్నెండున్నరకి మొదలవ్వాలి. హైదరాబాద్‌లో నేనూ నా ఫ్రెండూ ఫ్లాస్కు నిండా టీ పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. పన్నెండున్నర దాటింది, ఆట మొదలవలేదు. అభిమానులు ఆలస్యంగా రావడం వల్ల మ్యాచ్ ఆలస్యమవుతోందని స్టేడియంలో పెద్ద తెర మీద ప్రకటన వేశారు. నేను నమ్మేశాను. నమ్మడమే కాదు, "మనోళ్ళే, తాగి లేటుగా వచ్చుంటార్రా" అని నవ్వాను కూడా.

అప్పుడు నా ఒంటి మీద లివర్‌పూల్ చొక్కా ఉంది. ఆ చొక్కా మెడ వెనక రెండు చిన్న జ్వాలల మధ్య ఒక అంకె ఉంటుంది. అప్పటికి అది 96. అదేంటో నాకు తెలుసు, డాక్యుమెంటరీలు చూశాను, కన్నీళ్ళు పెట్టుకున్నాను కూడా. అయినా ఆ తెర మీద ఒక్క వాక్యం కనబడగానే, సరిగ్గా ఆ అంకెని పుట్టించిన మాటే నా నోట్లోంచి వచ్చింది. ఇదంతా రాయడానికి కారణం అదే.

ఆ మాట చరిత్ర 1989 దగ్గర మొదలుపెడతాను.

ఆ ఏడాది ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ. లివర్‌పూల్ వాళ్ళకి లెపింగ్స్ లేన్ వైపు చోటిచ్చారు. అక్కడ గోల్ వెనక నిలబడి చూసే మెట్లకి టికెట్లు 10,100. అంతమందీ ఒక్కొక్కరుగా తిప్పుకుంటూ లోపలికి వెళ్ళాల్సిన తిరుగుడు గేట్లు ఏడే ఏడు. మూడింటికి ఆట. రెండున్నరకల్లా బయట జనం కిక్కిరిసిపోయారు. అక్కడ నలిగిపోయేలా ఉన్నారని, 2.52కి పోలీసు కమాండర్ డేవిడ్ డకెన్‌ఫీల్డ్ అనుమతితో ‘సి’ గేటు బార్లా తీశారు. లోపలికి వచ్చినవాళ్ళకి ఎదురుగా కనిపించింది ఒక సొరంగం లాంటి దారి. అది నేరుగా మధ్య గదుల్లోకి పోతుంది. అవి అప్పటికే నిండిపోయి ఉన్నాయి. పక్క గదుల్లో ఇంకా చోటుంది. ఆ దారి మూసేసి జనాన్ని పక్కలకి మళ్ళించమని ఎవరూ చెప్పలేదు. ఆట మొదలైన ఆరో నిమిషానికి రిఫరీ ఆపేశాడు.

‘గదులు’ అన్నాను గానీ ఇంగ్లిష్‌లో వాటికి వాడిన మాట ‘పెన్’. గొర్రెల్నీ పశువుల్నీ తోలే చోటుకీ అదే మాట. మన పల్లెల్లో బందెలదొడ్డి అంటారే, అలాంటిది. ముందు ఎత్తైన ఇనుప కంచె, అటూ ఇటూ అడ్డు కంచెలు, వెనక సొరంగం. పోలీసు పత్రాల్లోనూ విచారణ నివేదికల్లోనూ ఈ మాట చాలా మామూలుగా కనిపిస్తుంది. ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించినట్టు లేదు.

మనుషుల్ని దొడ్డిలో పెట్టాలని ఎందుకనిపించింది? దానికో కథ ఉంది, అది పూర్తిగా కట్టుకథేం కాదు. 1970ల నుంచీ ఇంగ్లండ్ స్టేడియాల్లో కొట్లాటలు నిజంగానే జరిగేవి. జనం మైదానంలోకి దూకకుండా కంచెలు వచ్చాయి. 1981లో ఇదే హిల్స్‌బరోలో, ఇదే లెపింగ్స్ లేన్ వైపు, వేరే జట్ల సెమీఫైనల్లో తోపులాట జరిగి 38 మంది గాయపడ్డారు. ఆ తర్వాత కంచెలు తగ్గలేదు, పెరిగాయి. ఒకటిగా ఉన్న మెట్ల వరసని నిలువునా చీలుస్తూ కొత్త అడ్డు కంచెలు కట్టారు. ఇక 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో, యువెంటస్‌తో ఫైనల్‌కి ముందు లివర్‌పూల్ అభిమానులు కొందరు ఎదుటివాళ్ళ మీదకి దూసుకెళ్ళారు. వెనక్కి తగ్గిన జనం భారానికి ఒక గోడ కూలింది. 39 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఇటలీవాళ్ళు. లివర్‌పూల్‌ని ప్రేమించేవాళ్ళెవరూ దీన్ని దాటవేయకూడదు. 14 మంది అభిమానులకి బెల్జియం కోర్టు శిక్ష వేసింది. టికెట్ల వ్యవహారం చూసిన బెల్జియం ఫుట్‌బాల్ సంఘం అధికారికీ, ఒక పోలీసు అధికారికీ కూడా వేసింది. ఈ రెండో భాగం మాత్రం జనానికి పెద్దగా గుర్తులేదు.

ఇప్పుడు హిల్స్‌బరో మర్నాటికి వద్దాం. యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యుయెఫా సంస్థకి అప్పుడు అధ్యక్షుడు ఫ్రాన్స్‌కి చెందిన జాక్ జార్జ్. హైసెల్ దుర్ఘటన ఆయన హయాంలోనే జరిగింది. షెఫీల్డ్‌లో ఏం జరిగిందో ఇంకా ఎవరూ విచారించకముందే, చనిపోయినవాళ్ళందరి పేర్లూ లోకానికి తెలియకముందే, ఆయన నోరు విప్పాడు. ఎవరి ప్రాణం పోయినా సరే లోపల పడాలన్న ఉన్మాదం అన్నాడు. వాళ్ళని చూస్తే గోదాలోకి దూకబోతున్న మృగాల్లా అనిపించారన్నాడు.

దొడ్డి కట్టింది ముందు. మృగాలని పిలిచింది తర్వాత.

పిల్లలు ఇంటికి రాని ఊరు ఆ మాట విని ఎలా ఉంటుంది? లివర్‌పూల్ మండిపడింది. ఆయన రాజీనామా చెయ్యాలని క్లబ్బే డిమాండ్ చేసింది. గొడవలు కారణం కాదని తెలిశాక జార్జ్ క్షమాపణ చెప్పాడు. మామూలుగా ఈ కథని ఇక్కడితో ముగించేస్తారు: ఒక పెద్దమనిషి నోరు జారాడు, దిద్దుకున్నాడు. నాకు మాత్రం ఇది నోరు జారడంలా అనిపించదు. హైసెల్‌ని చూసిన కళ్ళతోనే ఆయన హిల్స్‌బరోని చూశాడు. మొదటిదాంట్లో హింస ఉంది కాబట్టి రెండోదాంట్లోనూ ఉండితీరాలి అనుకున్నాడు. అలా అనుకున్నవాడు ఆయనొక్కడే కాదు. ఆ మధ్యాహ్నం కంచె ఎక్కి బయటపడాలని చూస్తున్నవాళ్ళని మొదట పోలీసులు కూడా అలాగే చూశారు. ఊపిరాడక ఎక్కుతున్నారని కాకుండా, మైదానం మీదకి దాడికొస్తున్నారని. కొందరిని వెనక్కి నెట్టారు కూడా. అంటే ‘హింస’ అనే మాట సంఘటన తర్వాత వచ్చిన వ్యాఖ్యానం కాదు, ముందునుంచీ అక్కడే ఉంది. కంచె ఎంత ఎత్తుండాలో అదే చెప్పింది. ఎవరి చేయి పట్టి లాగాలో, ఎవర్ని వెనక్కి తొయ్యాలో కూడా అదే చెప్పింది.

జార్జ్ దాన్ని గాలిలోంచి పుట్టించలేదు. జనం ఇంకా ప్రాణాలతో పెనుగులాడుతుండగానే, డకెన్‌ఫీల్డ్ ఎఫ్.ఏ. అధికారులతో ఒక మాట చెప్పాడు: అభిమానులే గేటు బద్దలుకొట్టుకుని వచ్చారని. తన అనుమతితో తీసిన గేటు గురించి ఆ మాట. సాయంత్రానికల్లా అది లోకం చుట్టి వచ్చింది. అది అబద్ధమని ఆయన ఒప్పుకున్నది 2015లో, 26 ఏళ్ళ తర్వాత.

ఏప్రిల్ 19, బుధవారం. ఆ ఒక్క రోజునే రెండు సంగతులు జరిగాయి. ఉదయం ‘ది సన్’ పత్రిక మొదటి పేజీలో ‘నిజం’ అనే అర్థం వచ్చే పెద్ద శీర్షిక పెట్టి, అభిమానులు చచ్చిపోయినవాళ్ళ జేబులు కొట్టారనీ, పోలీసుల మీద మూత్రం పోశారనీ రాసింది. ఆ రాత్రి ఇటలీలో, యుయెఫా నడిపే యూరోపియన్ కప్ సెమీఫైనల్లో, మిలాన్‌కీ రియల్ మాడ్రిడ్‌కీ ఆట. మొదలైన కాసేపటికే రిఫరీ ఆట ఆపాడు, మౌనం పాటించడానికి. ఆ మౌనంలోంచి మిలాన్ అభిమానులు లివర్‌పూల్ వాళ్ళ పాట ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ ఎత్తుకున్నారు. హైసెల్‌లో పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆ దేశం వాళ్ళే. లివర్‌పూల్ పేరెత్తితే మండిపడే హక్కు ఎవరికైనా ఉంటే వాళ్ళకే ఉండాలి. యూరప్ ఫుట్‌బాల్ పెద్దకి మృగాలు కనబడిన చోట, ఆ గ్యాలరీలో నిలబడ్డవాళ్ళకి తమలాంటి మనుషులు కనబడ్డారు. వాళ్ళకీ దొడ్డి అంటే ఏంటో తెలుసు కాబట్టి కావచ్చు.

అసలు ఆ మధ్యాహ్నం మైదానంలో ‘మృగాలు’ చేసిన పనేంటి? ప్రకటన బోర్డులు పీకి స్ట్రెచర్లు చేశారు. పడిపోయినవాళ్ళని వాటిమీద ఎత్తుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తారు. తర్వాతి వారం ఊళ్ళో ఎవర్టన్, లివర్‌పూల్ అభిమానులు రెండు స్టేడియాల మధ్య మైలు పొడవునా ఎరుపూ నీలం మఫ్లర్లు ముడేసి కట్టారు. ఆ ఊరు ‘ది సన్’ కొనడం మానేసింది. ఆ బహిష్కరణ ఇప్పటికీ నడుస్తోంది. నేను చదివినవాటిలో ఇంత మొండి నిరసన ఇంకోటి లేదు.

మొండితనం లేకపోతే ఏమయ్యేదో చూడండి. జస్టిస్ టేలర్ 1989 ఆగస్టులోనే తేల్చేశాడు, ప్రధాన కారణం పోలీసు నియంత్రణ విఫలం కావడమేనని. అయినా ఆ మాట నిలబడలేదు, ముందు పుట్టిన మాటే నిలబడింది. చనిపోయినవాళ్ళ రక్తంలో మద్యం ఉందేమోనని కరోనర్ పరీక్షలు చేయించాడు. పిల్లల్ని కూడా వదల్లేదు. చనిపోయినవాళ్ళలో అందరికన్నా చిన్నవాడి వయసు పదేళ్ళు. 1991లో ‘ప్రమాదవశాత్తూ మరణం’ అని తీర్పు వచ్చింది. కుటుంబాలు ఒప్పుకోలేదు. 2009లో, ఇరవయ్యో వర్ధంతి సభలో మంత్రి ఆండీ బర్నమ్ మాట్లాడుతుంటే ఆన్‌ఫీల్డ్ గ్యాలరీ మొత్తం 96 మందికీ న్యాయం కావాలంటూ అరిచి ఆయన్ని ఆపేసింది. ఆ అరుపుల ఫలితంగానే స్వతంత్ర ప్యానెల్ వచ్చింది. 2012లో ఆ ప్యానెల్ బయటపెట్టినది: 164 పోలీసు వాంగ్మూలాలు మార్చారు, వాటిలో 116 చోట్ల పోలీసులకి ఇబ్బందయ్యే మాటలు తీసేశారు. 2016 ఏప్రిల్ 26న కొత్త జ్యూరీ తేల్చింది: ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలు, అభిమానుల ప్రవర్తన దీనికి కారణం కాదు. 27 ఏళ్ళు. ఆనాటి గాయాలతో మంచం పట్టిన ఒకాయన 2021లో కన్నుమూశాక ఆ అంకె 97 అయింది. డకెన్‌ఫీల్డ్ మీద క్రిమినల్ కేసు నడిచింది గానీ 2019లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. తీర్పుల మధ్య ఈ పొంతన లేనితనంతోనే ఆ కుటుంబాలు బతుకుతున్నాయి.

మళ్ళీ పారిస్. నేను టీ తాగుతూ నవ్విన ఆ రాత్రి, చాలామంది ‘ఆలస్యంగా వచ్చినవాళ్ళు’ గంటలకొద్దీ ముందే వచ్చి గేట్ల దగ్గర ఇరుక్కుపోయి ఉన్నారు. వాళ్ళ మీద బాష్పవాయువు వదిలారు. ఫ్రాన్స్ హోంమంత్రి ముప్ఫై, నలభై వేలమంది దొంగ టికెట్లతోనో, టికెట్లే లేకుండానో వచ్చారన్నాడు. యుయెఫా కూడా మొదట దొంగ టికెట్ల మాటే ఎత్తింది. 2023 ఫిబ్రవరిలో యుయెఫా తానే వేసిన స్వతంత్ర విచారణ, ప్రధాన బాధ్యత యుయెఫాదేనని చెప్పింది. ఎవరూ చనిపోకపోవడమే విశేషమంది. ఈసారి నిజం బయటికి రావడానికి తొమ్మిది నెలలే పట్టింది. కారణం ఆ గేట్ల దగ్గరున్న అభిమానులే. ఫోన్లలో అంతా రికార్డు చేశారు. తెర మీద వాక్యం కనబడిన మరుక్షణం అది అబద్ధమని వాళ్ళకి తెలుసు, ఎందుకంటే ఆ వాక్యాన్ని వాళ్ళ ఊరు 33 ఏళ్ళుగా వింటోంది. నాకు తెలియలేదు. చొక్కా వేసుకున్నంత మాత్రాన చరిత్ర ఒంటికి పట్టదని ఆ నివేదిక చదివిన రోజు అర్థమైంది.

ఇంకోటి కూడా అర్థమైంది, అది మన భాష గురించి. పుష్కర ఘాట్‌లోనో, సినిమా హాలు గేటు దగ్గరో, మొన్న 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయటో మనుషులు చనిపోతే మన పత్రికలు రాసే మాట ఒక్కటే: తొక్కిసలాట. అంటే ఒకరినొకరు తొక్కుకున్నారు. చేసినవాళ్ళూ పోయినవాళ్ళూ వాళ్ళే అన్నట్టు, కర్తా కర్మా ఒకే మాటలో తేలిపోతాయి. హిల్స్‌బరోలో చాలామందిని ఎవరూ తొక్కలేదు. ఛాతీ కదలడానికి చోటు లేక, నిలబడి ఉండగానే ఊపిరాగి పోయారు. దానికి మన దగ్గర పేరే లేదు. పేరు లేకపోతే ప్రశ్న కూడా పుట్టదు.

అందుకని ఇప్పుడు పేపర్లో ఆ మాట కనబడితే నేను కిందికి చదువుతాను. గేట్లెన్ని, ఎంత వెడల్పు, ఏ టైముకి తీశారు, ఎవరు తియ్యమన్నారు. చాలాసార్లు ఆ సంగతులు వార్తలో ఉండవు. జనం ఎగబడ్డారన్న ముక్క మాత్రం తప్పకుండా ఉంటుంది.