పాత యింటి ముందఱి పంచ

పాత యిండ్లలో మొదట జీర్ణించునది వీధివైపు పంచ. లోపలి గదులకు నాలుగు గోడల కాపు గలదు. పంచకు అట్టి ఆదరువు లేదు. ఎండ స్తంభమును పగుల్చును; మిద్దెపై నిలిచిన నీరు గోడలోనికి దిగి దూలపు కొనను కుళ్లించును. కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములలో మట్టిమిద్దెలు గలవారికి ఇది అనుభవములోనిదే. కూలిన పంచను మరల కట్టబూనువారు, అది పూర్వము దేనికి ఉపయోగపడెనో యొకమాఱు విచారించుట మంచిదని మా తలంపు.

వెనుకటి కాలమున బడికి వేఱు భవనము అరుదు. పంతులుగారి యింటి పంచయో, గుడి మండపమో, ఊరి పెద్ద యింటి అరుగో బడి యగుచుండెను. చెన్నరాజధానిలోని యిట్టి బడులను ఇంగ్లీషువారు ‘పయల్ స్కూళ్లు’ అనిరి. పయల్ అనగా అరుగే. ఆ మాట వారికి పోర్చుగీసు భాషనుండి వచ్చినది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడు వఱకు ఆదవాని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. 1822లో గవర్నరు సర్ తామస్ మన్రో బడుల లెక్కలు పంపుడని కలెక్టర్లను ఆజ్ఞాపింపగా, బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదికను పంపెను. 9,27,857 మంది జనులుగల ఆ జిల్లాలో బడులు 533. వానిలో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. చదువుకొనువారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే! అరుగు వీధికి తెఱచియే యుండెను. అయినను దానిపై కూర్చుండు హక్కు అందఱికిని లేదు. గోడలేని చోట ఆచారమే గోడయై నిలిచినది.

ఆ నివేదికలో మఱియొక సంగతి గలదు. సీమబట్టల రాకచే నేత మొదలగు వృత్తులవారి రాబడి తగ్గెననియు, పేదలు బడి ఖర్చు భరింపలేక పసిపిల్లలను పనికి పంపుచున్నారనియు ఆ కలెక్టరే వ్రాసెను. మగ్గమునకు బడికి గల సంబంధ మిట్టిది. అటుపిమ్మట 115 ఏండ్లకు, 1938లో, ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. నూలుకొఱకు షావుకారు పంచలో చేతులు కట్టుకొని నిలువనక్కఱలేని మార్గ మొకటి నేతగానికి తెఱవబడినది. ఒకే పంచ ఒకరికి కూర్చుండు చోటును, మఱియొకరికి నిలుచుండు చోటును అగుట న్యాయమా?

ఇక కట్టుబడి విషయము. విప్పుటకు ముందు కొలతలు వ్రాసికొని, స్తంభములకును దూలములకును వరుసగా అంకెలు వేయవలెను. దూలము కొన మాత్రమే కుళ్లినచో ఆ మేరకు కోసి క్రొత్త కఱ్ఱను అతికింపవచ్చును. దూలమంతయు పాఱవేయ నక్కఱలేదు. మట్టిగోడకు సిమెంటు పూసినచో లోని తేమ వెలికి రాలేక గోడ గుల్లయగును. సున్నపు పూత తేమను విడుచును. 1877లో విలియం మారిస్ లండనులో ప్రాచీన కట్టడముల రక్షణ సంఘమును స్థాపించి, కట్టడమునకు ఎప్పటికప్పటి మరమ్మతే మేలని చాటెను. ఏటేట వానలకు ముందు మిద్దెపై చవుడు మన్ను పఱచిన మన పెద్దలు ఆ పనినే పేరు పెట్టక చేయుచుండిరి.

స్తంభముల కొలతలు పాతవే యుండుగాక. అరుగెక్కు వారి విషయమున పాత కట్టుబాటు మాత్రము మరల కట్టవలదు. పంచ సిద్ధమైన దినమున గృహిణి అచట నాలుగు చాపలు పఱచి, కొన్ని పుస్తకములుంచి, వీధిలోని పిల్లలను, ముఖ్యముగ ఆడుబిడ్డలను, పిలువవలెను. ఇంటి బిడ్డయు పనివారి బిడ్డయు ఒక్క చాపపై కూర్చుండి చదువుకొన్ననాడే ఆ పంచ నిజముగ పూర్తియైనదని మేము తలంతుము.