బాణం గుర్తు మీద కాలు

మా దొర్నిపాడులో శ్రీరామనవమికి చెక్కభజన ఉండేది. మా జేజినాయనే గురువు. ఎవరిదైనా అడుగు తప్పితే చెక్కలు ఆపి, "రేయ్, నీ కాలు ముందు పడతాండాది, పాట యిను" అనేవాడు. నన్నూ నేర్చుకోమన్నాడు. అందరి ముందూ గజ్జె కట్టడానికి సిగ్గేసి తప్పించుకున్నా.

చాలా ఏళ్లకు హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక, ఓ మాల్‌లో డ్యాన్స్ మెషీన్ ఎక్కాను. తెర మీద బాణాలు కిందినుంచి పైకి లేస్తుంటాయి. పైన ఉన్న గుర్తును తాకే క్షణంలోనే కాలు వెయ్యాలి. మొదటి పాటకే ఓడిపోయా. జేజినాయన తిట్టే తిట్టునే మెషీన్ ఇంగ్లీషులో తిట్టింది. ఈ ఆటల పుట్టుక గురించి చదవడం అప్పుడు మొదలైంది.

1996 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ మీద 'పరప్పా ది రాపర్' వచ్చింది. దాన్ని రూపొందించిన మసాయా మత్సుఉరా సంగీతకారుడు. ఉల్లిగడ్డ తల ఉన్న కరాటే గురువు ఒక మాట అంటాడు, కుక్కపిల్ల దాన్ని తాళం తప్పకుండా తిరిగి అనాలి. గురువు అందుకుంటే దళం పలకడం, మన భజన పద్ధతే!

అది ఇంట్లో కూర్చుని ఆడే ఆట. మరుసటి ఏడాది డిసెంబరులో కొనామి కంపెనీ 'బీట్‌మేనియా'ను ఆర్కేడ్‌లో పెట్టింది. 5 మీటలు, ఒక తిరిగే పళ్లెం, ఆడేవాడు డీజే. 1998లో అదే కంపెనీ పని చేతులనుంచి కాళ్లకు మార్చింది. నాలుగు బాణాలతో 'డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్' వచ్చింది. మిగతా ఆటల్లో ఆడేవాడు తెర మీదికి వంగిపోతాడు, వెనకున్నవాడికి వీపే కనిపిస్తుంది. ఇక్కడ ఆ వీపు, కాళ్లే చూడాల్సినవి. మెషీన్ చుట్టూ జనం మూగారంటే అందుకే.

1999లో అది అమెరికాకు వెళ్లింది. యూరప్‌కు 'డ్యాన్సింగ్ స్టేజ్' అనే పేరుతో చేరింది. బాణానికి భాష అక్కర్లేదు కదా. పాటలు కూడా అన్నీ జపాన్‌వి కావు. బాగా పేరొచ్చిన 'బటర్‌ఫ్లై' పాడింది ఇద్దరు స్వీడన్ అమ్మాయిలు. అంటే స్వీడన్ పాట జపాన్ పెట్టెలో ఎక్కి అమెరికా మాల్‌లో దిగింది! అదే ఏడాది కొరియాలో ఆండమిరో కంపెనీ 'పంప్ ఇట్ అప్' తెచ్చింది. బాణాల్ని నాలుగు మూలలకు జరిపి, మధ్యలో ఐదోది పెట్టి, కొరియా పాటలు నింపింది. 2001లో నామ్కో జపాన్ డప్పునే ఆటగా మార్చింది. 2005లో 'గిటార్ హీరో'ను అమ్మిన రెడ్‌ఆక్టేన్, అంతకుముందు ఇళ్లకు డ్యాన్స్ మ్యాట్‌లు అమ్మిన కంపెనీ.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు తెలిసినంతలో ఆ మెషీన్ చూసేది ఒక్కటే, కాలు ఎన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ పడింది అని. ఎట్లా పడిందో దానికి పట్టదు. కానీ నేను ఎవరి మనవడినో కూడా దానికి తెలీదు. నా సిగ్గు పోయింది అక్కడే. ఊళ్లో గురువు దగ్గర నేర్చుకోనిది, మాల్‌లో ఓ పెట్టె దగ్గర నేర్చుకున్నా. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

ఓసారి సెలవులకు పోయినప్పుడు, నేను ఆడిన వీడియో ఫోన్లో చూపించా. జేజినాయన చివరిదాకా చూశాడు.

"బాగనే ఎగుర్తాండావు. పక్కనోడు యాడ?"

ఇద్దరు ఆడేందుకు పక్కన ఇంకో పలక ఉంటుందని చెప్పా.

"మరి దానిమింద ఎవురూ ల్యారే?"

అప్పటికే మా ఊరి దళం ఆగిపోయి కొన్నేళ్లయింది. ఆయన చెక్కలు మా ఇంట్లో గూట్లోనే ఉన్నాయి. ఆ మధ్య తీసి చేతికి తగిలించుకుని చూశా. ఒక్కణ్ణే మోగించొచ్చు, కానీ భజన కావాలంటే ఎదురుగా ఇంకొకరు కావాలి.