‘లె మాన్’ (1971): కథాచిత్రం చారిత్రక ఆధారంగా మారిన తీరు

ఉపోద్ఘాతం

1971 జూన్‌లో విడుదలైన ‘లె మాన్’ కథ లేని చిత్రమన్న విమర్శను మూటగట్టుకొంది. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. మొదటి అరగంటకు పైగా ప్రధాన పాత్రల మధ్య చెప్పుకోదగిన సంభాషణే వినిపించదు. ఏ కారు ఎవరిదో, పందెం నియమాలేమిటో పోటీ ప్రాంగణంలోని లౌడ్‌స్పీకర్ ప్రకటనల ద్వారానే ప్రేక్షకుడికి తెలుస్తుంది. కథానాయకుడు మైఖేల్ డెలానీ ఒక ఘోర ప్రమాదంలో చిక్కుకొని బ్రతికి బయటపడినవాడు. ఆ ప్రమాదంలో మరణించిన డ్రైవర్ భార్య లీసా మళ్ళీ పందెం జరిగే చోటికి వస్తుంది. వారిద్దరి మధ్య ఏదో అంకురిస్తున్నదన్న సూచన తప్ప కథగా మరేమీ నడవదు.

అయినప్పటికీ మోటారు పందేల చరిత్రను అధ్యయనం చేసేవారు ఈ చిత్రాన్ని పక్కన పెట్టలేరు. జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన ‘గ్రాండ్ ప్రి’ (1966) ఇంతకంటే మెరుగైన కథాచిత్రం. ఆధారసామగ్రిగా మాత్రం ‘లె మాన్’దే పైచేయి. ఈ విలువ ఎక్కడినుంచి వచ్చింది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలకు సమాధానం చిత్రం నిర్మితమైన క్రమంలోనే ఉంది.

సెబ్రింగ్ నుంచి లె మాన్‌కు

కథానాయక పాత్రధారి స్టీవ్ మెక్‌క్వీన్ మోటారు పందేలను తెరకెక్కించాలన్న ఆలోచన 1970లో కొత్తగా చేసినది కాదు. ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’, ‘ది గ్రేట్ ఎస్కేప్’ చిత్రాల దర్శకుడు జాన్ స్టర్జెస్‌తో కలిసి ‘డే ఆఫ్ ది చాంపియన్’ అనే చిత్రానికి ఆయన అంతకుముందే సిద్ధపడ్డారు. ‘గ్రాండ్ ప్రి’ ముందుగా పూర్తి కావడంతో వార్నర్ బ్రదర్స్ సంస్థ ఆ ప్రయత్నాన్ని విరమించుకొంది. ‘బులిట్’ (1968) ఘనవిజయం తరువాత సొంత నిర్మాణ సంస్థ సోలార్ ప్రొడక్షన్స్ ద్వారా మెక్‌క్వీన్ పాత కోరికను మళ్ళీ చేపట్టారు. నిర్మాణానికి పెట్టుబడి సినిమా సెంటర్ ఫిల్మ్స్‌ది.

1970 మార్చిలో సెబ్రింగ్ 12 గంటల పందెంలో పీటర్ రెవ్సన్‌తో కలిసి పోర్షే 908 నడిపిన మెక్‌క్వీన్ రెండవ స్థానం పొందారు. అప్పటికి ఆయన ఎడమ పాదం మోటారుసైకిల్ ప్రమాదంలో విరిగి కట్టుతో ఉంది. మొదట వచ్చిన మారియో ఆండ్రెట్టి ఆధిక్యం సుమారు 23 సెకన్లు మాత్రమే. ఆ ఊపులో జాకీ స్టీవార్ట్‌తో కలిసి నిజమైన లె మాన్ పందెంలోనే పాల్గొనాలని మెక్‌క్వీన్ ఆశించారు. బీమా కారణంగా ఆ అవకాశం దక్కలేదు. నటుడికి అనుమతి రాలేదు గాని కారుకు వచ్చింది. సెబ్రింగ్‌లో ఆయన నడిపిన ఆ 908నే, కెమెరాలు బిగించి, 29వ నంబరుతో పందెంలోకి దింపారు.

కెమెరా మోసిన కారు

1970 జూన్ 13, 14 తేదీల్లో జరిగిన 24 గంటల పందెంలో హెర్బర్ట్ లింగె, జోనాథన్ విలియమ్స్ ఆ కారును వంతులవారీగా నడిపారు. ముందుకూ వెనుకకూ చూసే కెమెరాలతో, పోటీదారుల మధ్యనే, వానలో, రాత్రిలో అది పరుగెత్తింది. ఇంధనానికే కాక ఫిల్మ్ చుట్టలు మార్చడానికి కూడా అది పిట్‌లో ఆగవలసి వచ్చేది. అయినా 282 ఆవృత్తులు, అంటే దాదాపు 3,800 కిలోమీటర్లు పూర్తి చేసింది. విజేత చేసిన ఆవృత్తులు 343. నిర్ణీత దూరం చేరలేదన్న కారణంతో 29వ కారుకు అధికారిక ఫలితాల్లో స్థానం దక్కలేదు. బయలుదేరిన 51 కార్లలో ఆ జాబితాకెక్కినవి ఏడు మాత్రమే. సినిమా కోసం వచ్చిన బండి చివరిదాకా నడవడం, గెలవడానికి వచ్చినవి ఎక్కువ భాగం మధ్యలోనే ఆగిపోవడం ఆ పందెంలోని వింతల్లో ఒకటి.

ఆ కారు తెచ్చిన దృశ్యాలతోనే చిత్రం పూర్తి కాదు. పందెం ముగిసిన తరువాత నెలల తరబడి అదే మార్గంలో పోటీని మళ్ళీ సృష్టించారు. తక్కువ వేగంతో నడిచే కార్లను తీసి తెరపై వేగంగా పరుగెత్తించే పాత ఉపాయాన్ని ఆశ్రయించలేదు. జో సిఫర్ట్, డెరెక్ బెల్, డేవిడ్ పైపర్, రిచర్డ్ అట్‌వుడ్ వంటి అసలైన డ్రైవర్లు అసలైన కార్లను పోటీ వేగానికి దగ్గరగా నడిపారు. కథలో గెలుపు పోర్షేది కావడంతో ఫెరారీ సంస్థ కార్లు ఇవ్వడానికి నిరాకరించింది. బెల్జియంలోని ఫెరారీ పంపిణీదారు జాక్ స్వాటర్స్ ద్వారా 512 కార్లు సమకూరాయి. ధ్వంసం చేయవలసిన చోట మాత్రం పాత లోలా కార్లకు పోర్షే, ఫెరారీ ఆకృతులు తొడిగి, దూరం నుంచి నియంత్రించి ఢీకొట్టించారు.

కథ కోసం కలహం

చిత్రీకరణ మొదలయ్యేనాటికి పూర్తయిన స్క్రిప్టు లేదు. స్టర్జెస్‌కు మనుషుల కథ కావాలి. మెక్‌క్వీన్‌కు పందెమే కథ. రచయితలు మారారు, ప్రతులు మారాయి, ఖర్చు పెరిగింది. పెట్టుబడిదారులు జోక్యం చేసుకొని చిత్రీకరణను కొంతకాలం ఆపివేశారు. పని కొనసాగడానికి మెక్‌క్వీన్ తన పారితోషికాన్నీ లాభాల్లో వాటానూ వదులుకున్నారు. స్టర్జెస్ తప్పుకున్నారు. టెలివిజన్ రంగం నుంచి వచ్చిన లీ కాట్జిన్ చిత్రాన్ని నవంబరులో ముగించారు. పేరుకు దర్శకుడు కాట్జిన్ అయినా చిత్రస్వరూపాన్ని నిర్ణయించినది మెక్‌క్వీన్ పట్టుదలే అనడం సమంజసం.

ఆ పట్టుదలకు మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. బెల్ నడుపుతున్న ఫెరారీకి నిప్పంటుకోగా ఆయన కాలిన గాయాలతో బయటపడ్డారు. పైపర్ నడుపుతున్న పోర్షే 917 అదుపు తప్పి ముక్కలైంది. ఆయన కుడికాలిని మోకాలి దిగువన తొలగించవలసి వచ్చింది. పైపర్ చేసిన త్యాగానికి కృతజ్ఞతలు తెలుపుతూ చిత్రంలో ఒక ప్రకటన చేర్చారు. త్యాగమన్న పదం అక్కడ ఎంతవరకు సరిపోతుందన్నది ఆలోచించవలసిన విషయం. పైపర్ ఆనాడు పోటీలో లేరు. ఒక సన్నివేశంలో ఉన్నారు.

తారుమారైన ఫలితం

వాస్తవికతకు ఇంత పేరుపొందిన చిత్రం ఫలితాన్ని మాత్రం పూర్తిగా మార్చివేసింది. తెరపై లేత నీలం, నారింజ రంగుల గల్ఫ్ జట్టుకు చెందిన 22వ నంబరు పోర్షే గెలుస్తుంది. డెలానీ 21వ కారుతో రెండవ స్థానంలో నిలుస్తాడు. నిజమైన పందెంలో 20, 21, 22 నంబర్ల గల్ఫ్ కార్లలో ఒక్కటి కూడా గమ్యం చేరలేదు. గెలిచినది హాన్స్ హెర్మన్, అట్‌వుడ్ నడిపిన 23వ నంబరు ఎరుపు, తెలుపు పోర్షే. లె మాన్‌లో ఆ సంస్థకు అదే తొలి సంపూర్ణ విజయం. ఆ విజేతల్లో ఒకరైన అట్‌వుడ్ ఆ తరువాత ఓడినవారి గెలుపును చిత్రించడానికి అదే దారిలో కారు నడిపారు. సంస్థ వరకు కథా, చరిత్రా ఒకటయ్యాయి. జట్టు విషయంలో పూర్తిగా విడిపోయాయి.

కాబట్టి ఈ చిత్రం ఫలితానికి సాక్ష్యం కాదు, పరిస్థితులకు సాక్ష్యం. ఇందుకు పందెం ఆరంభ ఘట్టమే మంచి ఉదాహరణ. అంతకుముందు లె మాన్‌లో డ్రైవర్లు రోడ్డు దాటి పరుగెత్తి కార్లెక్కేవారు. ఆ తొందరలో భద్రతా పట్టీలు సరిగా బిగించుకొనే వీలుండేది కాదు. 1969లో జాకీ ఇక్స్ దీనికి నిరసనగా నింపాదిగా నడిచి వెళ్ళారు. అదే పందెం మొదటి ఆవృత్తిలో జాన్ వూల్ఫ్ ప్రమాదంలో మరణించారు. 1970లో కార్లు పాత పద్ధతిలోనే ఏటవాలుగా వరుస తీరినా డ్రైవర్లు ముందే లోపల పట్టీలు బిగించుకొని కూర్చున్నారు. 1971కల్లా కదులుతూ బయలుదేరే పద్ధతి వచ్చింది. చిత్రంలో గుండెచప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ నిరీక్షణ దర్శకుని నాటకీయ కల్పనగా తోచవచ్చు. నిజానికది ఒకే ఒక్క సంవత్సరం అమలైన పద్ధతికి దృశ్యరూపం.

మార్గం విషయమూ అంతే. 13.469 కిలోమీటర్ల ఆనాటి మార్గంలో మేజోఁ బ్లాఁష్ వద్దనున్న ప్రమాదకరమైన భాగాన్ని 1972లో కొత్త మలుపులతో తప్పించారు. అదే ఏడాది ఇంజను పరిమాణంపై వచ్చిన మూడు లీటర్ల పరిమితితో 917, 512 కార్ల కాలమూ ముగిసింది. గుడారాల్లో నిద్రించే జనం, తెల్లవారుజామున ఖాళీగా కనిపించే సంతబయలు, టోపీలు సర్దుకొనే పోలీసులు చిత్రంలో ఎవరూ రాయని పాత్రలు.

ఇక్కడే పరిశోధకుడికి చిక్కు ఎదురవుతుంది. జూన్ పందెంలో తీసిన చట్రమూ, తరువాతి నెలల్లో తీసిన చట్రమూ ఒకే క్షణంలో భాగాలైనట్లు కూర్పులో కలిసిపోయాయి. వెలుగు తీరు, ప్రేక్షకుల సాంద్రత, కార్ల మీది నంబర్లు వాటిని వేరు చేయడానికి తోడ్పడతాయి. గేబ్రియల్ క్లార్క్, జాన్ మెకెన్నా తీసిన డాక్యుమెంటరీ (2015) కోసం, పోయాయనుకున్న చిత్రీకరణ చుట్టలు కొన్ని వెలుగులోకి వచ్చాయి. పూర్తయిన చిత్రంలో చేరని ఆ దృశ్యాలను చిత్రంతో పోల్చి, ఏ చట్రం ఏ నెలదో నిర్ణయించే పని చిత్రచరిత్రకారులు, క్రీడాచరిత్రకారులు కలిసి చేయవలసినది.