ఏరు పరిగెత్తతా ఉంది

విడవలూరులో ఇంగ్లీషు అయ్యవారిగా పని చేసినన్నాళ్లూ నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన క్రియ 'రన్'. 'ద రివర్ రన్స్' అన్నదానికి ఆరో తరగతి పిల్లవాడొకడు 'ఏరు పరిగెత్తతా ఉంది' అని రాశాడు. ఎర్రసిరాతో కొట్టేసి 'పారుతోంది' అని దిద్దాను.

మర్నాడు మా ఊళ్లో 'రన్' అయ్యేవన్నీ పిల్లల చేతే చెప్పించాను. మిల్లు ఆడతాది, కొట్టు నడస్తాది, ముక్కు కారతాది, ట్రాక్టరును తోలతారు. నల్లబల్ల నిండిపోయింది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిల్లివర్ ఈ ఒక్క క్రియ మీదే తొమ్మిది నెలలు కూర్చుని 645 అర్థాలు తేల్చాడు. ఆవిరియంత్రాలు, రైళ్లు, కర్మాగారాలు వచ్చేకొద్దీ ఇంగ్లీషువాళ్లు వాటి కదలికలన్నీ దీనికే అప్పజెప్పారు. మనవాళ్లు మాత్రం కొత్త యంత్రం ఊళ్లోకి రాగానే, అది ఏ పాత పనికి వారసురాలో చూశారు. రోకళ్లతో దంచిన వడ్లు మిల్లుకు పోయాక, 'దంచడం' వెంట పోలేదు. మిల్లు గానుగలా గిరగిరా తిరిగేది కాబట్టి గానుగ మాటే దానికొచ్చింది: వడ్లు ఆడించుకొచ్చాం అన్నారు. పిండిమరకూ అదే.

మా నాయన బాడుగకు ఎడ్లబండి తోలేవాడు. పశువుల వెనకుండి వాటిని ముందుకు నడిపించడం తోలడం. ఆ మాట ఎడ్ల నుంచి బండికి, బండి నుంచి అందులోని సరుక్కి పాకింది. ఎరువు తోలారు, ఇసక తోలారు. ట్రాక్టరు వచ్చి ఎడ్లను దొడ్లోనించి పంపేసింది, అయినా మా నాయన చివరిదాకా 'ట్రాక్టరు తోలేవాడు' అనే అన్నాడు. ఎడ్లు లేని బండిని కూడా ఎడ్ల మాటతోనే పిలిచే ఆ పద్ధతి నాకెంతో ఇష్టం.

ఇక నీళ్ల సంగతి. 1880ల్లో సంగం దగ్గర పెన్నకు ఆనకట్ట లేచింది, కనిగిరి రిజర్వాయరు కాలువలు మా వైపు పొలాలకు చేరాయి. అప్పట్నుంచీ 'పారకం' మా బతుకు మాట. కాలువ ఎప్పుడు పారతాది, ఎవరి చేను ముందు పారాల అన్నదాని మీదే పలకరింపులూ, పోట్లాటలూ.

చాలా ఏళ్లకు, బ్రౌన్ 1852లో అచ్చువేయించిన తెలుగు నిఘంటువు నా చేతికొచ్చినప్పుడు 'పారు' దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఒక్క నీళ్లదే కాదు. వెనక మనుషులు పరుగెత్తినా పారడమే. 'పారిపోవడం'లో అది ఇంకా ఉంది. మా పక్కనున్న తమిళంలో 'ఓడు' అంటే పరుగెత్తు. మన 'ఓడు' ఓడిపోవడం దగ్గర నిలిచింది. యుద్ధంలో పరుగెత్తినవాడు ఓడినవాడే కదా.

అంటే నీటి పరుగు, మనిషి పరుగు మన భాషలోనూ ఒకప్పుడు ఒకే మాట. ఆ పిల్లవాడు రాసింది వాడుక కాకపోవచ్చు, కానీ ఏటిలో పరుగును చూశాడు. వాడి పుస్తకంలో నేను గీసిన ఎర్రగీతను తుడిచే వీలుంటే బావుండు.