తెరచాటు సేవకులు



నీరుగంటి నడిరేయి తూము తీసి మడులకు నీరు పెట్టును. రైతు తెల్లవారి చూచుకొనునది తడిసిన మడిని మాత్రమే. కంప్యూటర్లలోను ఇట్టి సేవకులు కలరు. వారి చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

1963 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ప్రాజెక్ట్ మాక్ అను పరిశోధనలోనివారు, కంటబడక పనిచేయు ప్రోగ్రామునకు 'డీమన్' అని పేరిడిరి. భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ ఊహించిన, అణువులను వేరుపరచు భూతమే ఆ పేరునకు మూలము. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పున 'క్రాన్' అను సేవకుడుండెను. అది నిమిషమునకొకమారు మేల్కొని, పట్టికలో వ్రాసిన వేళ వచ్చినచో ఆ పని జరిపించెడిది.

తెరపై కిటికీలు వచ్చిన పిదప చిక్కు పుట్టెను. 1993లో ఆపిల్ సంస్థ ఆపిల్‌స్క్రిప్ట్ అను ఆజ్ఞాభాషను వెలువరించెను. అందు ఒక ప్రోగ్రామునకు పని చెప్పినచో, తరచుగా అది తెరచుకొని, వ్రాసికొనువాని చూపునకు అడ్డు నిలుచును. అందుచే ముఖములేని ప్రోగ్రాములు అవసరమయ్యెను. తరువాతి మాక్ యంత్రములలోని 'ఇమేజ్ ఈవెంట్స్' అట్టిది. బొమ్మను తెరపైకి తేకయే కుదించును. విండోస్‌ 98తో 1998లో వచ్చిన స్క్రిప్ట్ హోస్ట్‌నకు రెండు రూపములు: సీస్క్రిప్ట్ నల్లని కిటికీలో పలుకును, డబ్ల్యూస్క్రిప్ట్ ఆ కిటికీ లేకయే నడచును.

ఈ సౌకర్యమే 2000 మే 4వ తేదీన శాపమయ్యెను. ఫిలిప్పీన్సు దేశమున పుట్టిన 'ఐ లవ్ యూ' అను లేఖ ప్రపంచమెల్ల ప్రాకెను. దానికి జతపరచిన పత్రమును తెరచినంతనే, అందలి స్క్రిప్ట్ చిరునామాల పుస్తకములోని వారికెల్ల తన ప్రతులను తానే పంపి, యంత్రములోని బొమ్మలను చెరపెను. యజమాని ఎదుటనే ఉన్నను ఎరుగడు.

కావున 2018లో వచ్చిన మాక్ మొజావే కూర్పు ఒక కట్టుబాటు పెట్టెను: ఒక ప్రోగ్రాము మరియొకదానిని నడుపదలచినచో, తొలుత యజమాని సమ్మతి పొందవలెను.

పంతులుగా ఉన్ననాళ్లు నేను శిష్యుని జవాబుతో తృప్తిపడక, లెక్క చేసిన తీరు చూపుమంటిని. తెరచాటు సేవకునికిని అదే నియమము తగును. ఏ పని, ఏ వేళ, ఎట్లు ముగిసెనో చిట్టాలో వ్రాసియుంచవలెను; తప్పినచో మౌనము వహింపక తెలుపవలెను. నీరుగంటి చీకటిలో తిరుగుట దోషము కాదు. ఎవరి మడికి ఎంత నీరు పారినదో చెప్పలేకపోవుటయే దోషము.