మంచు చరియల హెచ్చరిక: మూడో స్థాయి అంటే ‘మధ్యస్థం’ కాదు

శీతాకాలంలో కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో ట్రెకింగ్‌కు, స్కీయింగ్‌కు వెళ్లేవారికి తరచూ ఒక హెచ్చరిక కనిపిస్తుంది. ఫలానా జిల్లాలో ఇన్ని మీటర్ల ఎత్తుకు పైన, రాగల 24 గంటల్లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉందన్నది దాని సారాంశం. పక్కనే తీవ్రత స్థాయి ఉంటుంది. చాలామంది ఆ స్థాయి ఒక్కటే చూసి వెళ్లాలో వద్దో తేల్చుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

హెచ్చరిక ఎవరిస్తారు?

భారత్‌లో ఈ అంచనాలు వేసేది డీఆర్‌డీఓ పరిధిలోని డీజీఆర్ఈ. చండీగఢ్‌లోని ఈ సంస్థలో, గతంలో ‘సాసే’గా పిలిచిన మంచు అధ్యయన సంస్థ 2020లో విలీనమైంది. ఈ అంచనాలను రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలు ప్రజలకు చేరవేస్తాయి.

స్థాయిల లెక్క

1993లో యూరప్ దేశాలు ఉమ్మడిగా ఐదు స్థాయులు ఖరారు చేశాయి: తక్కువ, మోస్తరు, గణనీయం, ఎక్కువ, అతి ఎక్కువ. మంచు పొర ఎంత బలహీనంగా ఉంది, అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయి, విరిగితే ఎంత పెద్ద చరియ జారుతుంది అన్నవే దీనికి ఆధారం. ఇది నిచ్చెన మెట్లలా సమానంగా పెరగదు. ఒక్కో స్థాయికి ముప్పు అనేక రెట్లవుతుంది.

ఐదింటిలో మూడోది కాబట్టి అది నడిమి స్థాయి అనిపిస్తుంది. కానీ వాలు ఎక్కువగా ఉన్న చోట ఒక్క మనిషి బరువుకే మంచు పలక విరగగల స్థితి అది. స్విట్జర్లాండ్‌లో మంచు చరియల మరణాల్లో దాదాపు సగం ఈ స్థాయి ప్రకటించిన రోజుల్లోనే జరుగుతున్నాయి. నాలుగు, ఐదు స్థాయుల్లో జనం బయటికి వెళ్లరు. మూడులో వెళ్తారు. పైగా ప్రమాదంలో చిక్కుకున్న వారిలో అత్యధికుల విషయంలో ఆ చరియను కదిలించింది వారో, వారి బృందంలోని వారో.

హెచ్చరిక చెప్పనిది

బులెటిన్ జిల్లాకో పర్వత ప్రాంతానికో వర్తిస్తుంది. ఎదురుగా ఉన్న వాలు గురించి అది చెప్పదు. సాధారణంగా 30 డిగ్రీలు దాటిన వాలుల్లోనే చరియలు విరుగుతాయి. కొత్తగా కురిసిన మంచు, గాలి తెచ్చి పోగేసిన మంచు, కాలి కింద ‘ధబ్’మనే శబ్దం, పాకుతున్న పగుళ్లు కళ్లముందుండే సంకేతాలు. పైన ఏటవాలు ఉంటే కింద చదునైన బాటలో నడిచేవారికీ ముప్పు తప్పదు.

తెలిసీ ఎందుకు వెళ్తారు?

అమెరికాలో జరిగిన వందలాది ప్రమాదాలను పరిశీలించిన ఇయాన్ మెక్‌కామన్, మనుషుల తీర్పును తప్పుదారి పట్టించే కారణాలను గుర్తించారు. తెలిసిన కొండే కదా అన్న ధీమా, ముందు వెళ్లినవారి అడుగుజాడలు, నాయకుడిపై గుడ్డి నమ్మకం వాటిలో కొన్ని. శిక్షణ ఒక్కటే రక్షించదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం వద్ద పర్వతారోహణ శిక్షణ బృందమే చరియల కింద చిక్కుకుంది. పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

మంచులో పూడిపోయిన వ్యక్తి బతికే అవకాశం తొలి 10-15 నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది. బయటి సహాయం అంతలో చేరడం అరుదు. అందుకే బృందంలో ప్రతి ఒక్కరి వద్దా సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే కడ్డీ, పార ఉండాలి. అవి ఉన్నంత మాత్రాన మూడో స్థాయి రెండో స్థాయి అయిపోదు. ఆ రోజు ఏటవాలును వదిలి వేరే దారి పట్టడమే హెచ్చరికను సరిగ్గా చదవడం.